ఒకే కప్పు కింద ఒకే తక్కెడ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మన కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ఈసారి డి.ఏ. గురించి, పి.ఆర్.సి. గురించి, ఎరియర్స్ గురించి కాకుండా మరేదైనా మాట్లాడండి. అవి ఎటూ అధ్యక్షులవారు మాట్లాడతారు" అన్నారు. నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా దిగినవాణ్ణి. ఉపన్యాసాలు ఇచ్చే అలవాటు లేదు. అయితే మన ఆఫీసుల్లో బయటినుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ 'కరెంటు' అంటాం గదా! అటువంటి కరెంట్లు ముప్పై నాలుగేళ్ళు నడిపాను. ఈ రోజు అసలైన కరెంటు గురించి, అంటే మోటారు బండిలో ఉండే కరెంటు గురించి చెబుతాను. దాని వెనుక ఒకే యజమాని కింద పోటీపడిన రెండు కంపెనీల కథ ఉంది. ఆ కథకీ మనకీ సంబంధమేమిటని మీరు అనుకోవచ్చు. చివరకు అది పెన్షను దగ్గరకే వచ్చి ఆగుతుంది. కొంచెం ఓపిక పట్టండి.

నా చిన్నతనంలో మా ఊరి బస్సు బయలుదేరడం ఒక తతంగం. డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. క్లీనరు ఇనప హ్యాండిలు పట్టుకుని బస్సు ముందుకు వెళ్ళి, దాన్ని కింద ఉన్న బొక్కలో దూర్చి, కాళ్ళు నిలదొక్కుకుని ఒక్క ఊపున తిప్పుతాడు. రెండుసార్లు, మూడుసార్లు తిప్పితేగాని ఇంజను అందుకోదు. ఒక్కోసారి ఇంజను ఎదురు తిరిగేది. అప్పుడు హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టు విరిగేది. బొటనవేలిని మిగతా వేళ్ళ వైపే ఉంచి హ్యాండిలు పట్టుకోవాలని క్లీనర్లకు మొదటి పాఠంగా నేర్పేవారు. ఆ తరువాత 'సెల్ఫ్' ఉన్న బళ్ళు వచ్చాయి. ఈ రోజుకీ మెకానిక్కులు "సెల్ఫ్ కొట్టు", "సెల్ఫ్ అందుకోవడం లేదు" అంటారు. సెల్ఫ్ అంటే సెల్ఫ్ స్టార్టరు. తాళం తిప్పగానే ఇంజనును తిప్పే చిన్న కరెంటు మోటారు. బ్యాటరీ దిగిపోయిన రోజున మాత్రం ప్రయాణికులందరం దిగి బస్సును తోసిన వాళ్ళమే. ఈ సభలో బస్సు తోయని పెన్షనరు ఉంటే చెయ్యెత్తండి!

ఈ సెల్ఫ్ పుట్టింది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్ అనే ఊళ్ళో. అక్కడ దుకాణాల్లో డబ్బు లెక్కలు చూసే క్యాష్ రిజిస్టర్లు తయారుచేసే పెద్ద కంపెనీ ఒకటి ఉండేది. దాని పేరు నేషనల్ క్యాష్ రిజిస్టర్. అందులో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు పనిచేసేవాడు. రైతు బిడ్డ. చేత్తో తిప్పే క్యాష్ రిజిస్టరుకు కరెంటు మోటారు బిగించింది ఆయనే. అక్కడే పనిచేసిన ఎడ్వర్డ్ డీడ్స్ అనే ఆయనతో కలిసి, సాయంత్రం పని ముగిశాక డీడ్స్ ఇంటి వెనుక కొట్టంలో కార్లకు కావలసిన కరెంటు సామాన్ల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. తోటి ఉద్యోగులు కొందరు తోడయ్యారు. 1909లో వాళ్ళు పెట్టిన కంపెనీ పేరు డేటన్ ఇంజనీరింగ్ లాబొరేటరీస్ కంపెనీ. ఇంగ్లీషులో ఆ మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరే 'డెల్కో'.

కారు ఇంజనును తిప్పాలంటే దాదాపు ఇంజనంత మోటారు కావాలని ఆనాటి నిపుణుల అభిప్రాయం. క్యాష్ రిజిస్టరు దగ్గర కెటరింగ్ నేర్చుకున్న పాఠం వేరు. డ్రాయరు తెరిచే మోటారు రోజంతా తిరగనక్కరలేదు. ఒక్క క్షణం గట్టిగా తిరిగితే చాలు. చిన్న మోటారు మీద ఒక్క క్షణం పెద్ద బరువు వేస్తే అది ఓర్చుకుంటుంది. ఎక్కువసేపు వేస్తేనే కాలిపోతుంది. ఇంజను స్టార్టు కావడానికి కావలసింది కూడా కొద్ది క్షణాలే గదా! ఈ లెక్క మీద ఆయన చేసిన యంత్రం 1911లో క్యాడిలాక్ కంపెనీకి చేరింది. 1912 మోడలు క్యాడిలాక్ కార్లన్నీ దానితోనే వచ్చాయి. ఒకే యంత్రం స్టార్టు చేసేటప్పుడు మోటారుగా, ఇంజను అందుకున్నాక డైనమోగా పనిచేసి బ్యాటరీని నింపేది. స్టార్టు చేయడానికి 24 వోల్టులు, దీపాలకు 6 వోల్టులు వచ్చేటట్టు బ్యాటరీని అమర్చారు. అంతవరకు కారు నడపాలంటే బలమైన భుజం కావాలి. అటుపైన ఆడవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు కూడా ఎవరి సాయం లేకుండా కారు తీయగలిగారు.

ఇక రెండో కంపెనీ. పక్కనున్న ఇండియానా రాష్ట్రంలో ఆండర్సన్ అనే ఊరు. అక్కడ ఫ్రాంక్ రెమీ, పెర్రీ రెమీ అనే అన్నదమ్ములు 1896లో ఇళ్ళకు కరెంటు వైర్లు వేసే పనితో మొదలుపెట్టారు. తరువాత కార్లకు 'మాగ్నెటో'లు చేయడంలో పేరు తెచ్చుకున్నారు. మాగ్నెటో అంటే బ్యాటరీ అక్కరలేకుండా, అయస్కాంతం సాయంతో తనే కరెంటు పుట్టించి ఇంజనులో పెట్రోలును అంటించే నిప్పురవ్వ ఇచ్చే యంత్రం. వేగంగా తిరిగితే మంచి రవ్వ వస్తుంది. హ్యాండిలుతో మెల్లగా తిప్పేటప్పుడు మాత్రం రవ్వ బలహీనం. బ్యాటరీతో అయితే మెల్లగా తిప్పినా గట్టి రవ్వే.

తగవు ఎక్కడ మొదలైందో చూడండి. డెల్కో వాళ్ళు కారులో బ్యాటరీ పెట్టారు, దాన్ని నింపే డైనమో పెట్టారు. ఆ రెండూ ఉన్న కారుకు ఇంకా మాగ్నెటో ఎందుకు? అంటే డెల్కో కొత్త సరుకు రెమీ పాత సరుకు నోట్లో మన్ను కొట్టిందన్నమాట. రెమీ వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తామూ స్టార్టర్లు, డైనమోలు, బ్యాటరీతో రవ్వ ఇచ్చే సామాన్లు చేయడం మొదలుపెట్టారు. డెల్కో స్టార్టరునూ డైనమోనూ ఒకే యంత్రంలో కలిపితే, రెమీ వాటిని విడివిడిగా కూడా చేసి అమ్మింది. చలిగా ఉన్నప్పుడు బ్యాటరీకి ఎక్కువ ఛార్జి ఇచ్చి, వేడెక్కాక దానంతటదే తగ్గించే ఏర్పాటును కూడా రెమీ తన డైనమోల్లో పెట్టింది. ఒక ఊరివాడు ఒకటి చేస్తే రెండో ఊరివాడు దాన్ని విప్పి చూసి, ఇంకో మెట్టు ఎక్కించాలని చూసేవాడు. పోటీ అంటే అదే.

ఇంతలో 1916 వచ్చింది. జనరల్ మోటార్స్ సంస్థను నిలబెట్టిన విలియం డ్యూరాంట్ అనే వ్యాపారి, కారు విడిభాగాల కంపెనీలను కొని యునైటెడ్ మోటార్స్ అనే పెద్ద గొడుగు కిందికి తెచ్చాడు. డెల్కోకు దాదాపు 90 లక్షల డాలర్లు పడింది. రెమీని కూడా కొన్నాడు. ఇంకా బేరింగులు చేసే రెండు కంపెనీలు, చక్రాల రిమ్ములు చేసే కంపెనీ ఒకటి. నిన్నటిదాకా ఎదురెదురు అంగళ్ళలో కూర్చున్న డెల్కో, రెమీ ఒకే ఇంటి కోడళ్ళయ్యాయి. తోడికోడళ్ళు! ఒకే వంటిల్లు, ఒకే మామగారు. కాని ఇద్దరూ వండేది ఒకటే కూర. ఇద్దరూ చేసేది స్టార్టర్లు, డైనమోలు, ఇగ్నిషన్ సామాన్లు. ఇద్దరికీ కావలసింది ఆ కార్ల కంపెనీల ఆర్డర్లే.

యునైటెడ్ మోటార్స్‌కు అధ్యక్షుడుగా కూర్చున్నది ఆల్ఫ్రెడ్ స్లోన్. అంతకుముందు హయాట్ అనే బేరింగుల కంపెనీ ఆయనది. దాన్ని కూడా డ్యూరాంట్ కొన్నాడు. 1918లో యునైటెడ్ మోటార్స్ మొత్తంగా జనరల్ మోటార్స్‌లో కలిసింది. స్లోన్ అక్కడ ఉపాధ్యక్షుడయ్యాడు, 1923లో అధ్యక్షుడయ్యాడు. ఆయన 1964లో అచ్చయిన తన పుస్తకం 'మై ఇయర్స్ విత్ జనరల్ మోటార్స్'లో ఈ విషయాలు రాసుకున్నాడు. జిల్లా గ్రంథాలయంలో దొరికితే చదవండి. లావుపాటి పుస్తకమేగాని, ఆఫీసులో పనిచేసినవాడికి చదువుతుంటే తన ఆఫీసే కనబడుతుంది.

స్లోన్ ముందున్న ప్రశ్న ఏమిటంటే, తోడికోడళ్ళిద్దరినీ ఏం చేయాలి? ఒకదాన్ని మూసేయవచ్చు. ఇద్దరినీ వెంటనే కలిపేయవచ్చు. లేదా ఇద్దరూ కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోవచ్చు. ఆయన ఈ మూడూ చేయలేదు. ఎవరి ఫ్యాక్టరీ వారిదే, ఎవరి ఇంజనీర్లు వారివే అని వదిలేసి, మూడు పనులు మాత్రం గట్టిగా చేశాడు.

మొదటిది, లెక్కలు రాసే పద్ధతి అందరికీ ఒకటి చేశాడు. ప్రతి కంపెనీ ఎంత పెట్టుబడి వాడుకుని దాని మీద ఎంత సంపాదించిందన్నదే కొలత. రెండవది, ఒకే ఇంటివాళ్ళు కదా అని సరుకు అసలు ధరకే ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఆయన ఒప్పుకోలేదు. బయటివాడికి ఏ ధరో, సొంత కార్ల కంపెనీకీ అదే బజారు ధర. అప్పుడే ఎవరి పని ఎంతో బయటపడుతుంది. అసలు ధరకు ఇస్తే బాగా చేసేవాడూ చేయనివాడూ ఒకేలా కనబడతారు. మూడవది, అమ్మిన సామాను చెడిపోతే బాగుచేయడానికి, విడిభాగాలు అందించడానికి అన్ని కంపెనీలకూ కలిపి దేశమంతా యునైటెడ్ మోటార్స్ సర్వీస్ అని ఒకే సంస్థను పెట్టాడు. తయారీలో పోటీ పడండి, సేవలో మాత్రం కలిసి ఉండండి అన్నట్టు.

ఇది ఎంత పెద్ద విషయమో నాకు అర్థం కావడానికి కారణం నా ఉద్యోగమే. నేను పనిచేసిన ఒక ఆఫీసులో రెండు సెక్షన్లు ఉండేవి. ఎ సెక్షనులో భూముల తగాదాల ఫైళ్ళు. ఒక్కొక్కటి నాలుగు వాల్యూములు. బి సెక్షనులో సెలవు చీటీలు, ఇంక్రిమెంట్లు. ఆ కాలపు ఆఫీసరు ప్రతి నెలాఖరునా ఒకటే అడిగేవారు: "డిస్పోజల్స్ ఎన్ని?" బి వాళ్ళు నూటయాభై చెప్పేవారు. మేము ఎ వాళ్ళం పన్నెండు చెప్పేవాళ్ళం. మెమోలు మాకే. ఏడాది తిరిగేసరికి రెండు సెక్షన్ల మధ్య మాటలు పోయాయి. మాకు కావలసిన సర్వీసు రిజిస్టరు బి బీరువాలోంచి వారానికిగాని వచ్చేది కాదు. వాళ్ళకు కావలసిన పాత ఫైలు మా రాక్‌లో దొరికేది కాదు. ఒకరిమీద ఒకరం పంతాలు తీర్చుకున్నాం. నష్టపోయింది బయట బెంచీ మీద కూర్చున్న రైతు. పర్సనల్ రిజిస్టరులో పన్నెండో కాలమ్‌లో నేనూ ఒకసారి ఊరికే అడ్డం రాసి ఫైలు వెనక్కి తిప్పాను. ఈ వయసులో దాచుకోవడం దేనికి?

తరువాత వచ్చిన ఆఫీసరు లెక్క మార్చారు. ఎన్ని ఫైళ్ళు తెగ్గొట్టారని కాకుండా, ఏ ఫైలు ఎన్ని రోజులు ఆగింది, ఎందుకు ఆగింది అని రెండు సెక్షన్లనూ ఒకే రకంగా అడిగారు. చిన్న ఫైలుకు చిన్న గడువు, పెద్ద ఫైలుకు పెద్ద గడువు. మనుషులం వాళ్ళమే, బీరువాలు అవే. మూడు నెలల్లో సర్వీసు రిజిస్టరు అడిగిన పూటే రావడం మొదలైంది. పోటీ పోలేదు, విషం పోయింది. తక్కెడ ఒకటైతే పోటీ పని చేయిస్తుంది, తక్కెడలు రెండయితే పోటీ పగ పెంచుతుంది. ఆఫీసు నాకు నేర్పిన పాఠం ఇదే. డెల్కో, రెమీ కథను నేను చూసేది కూడా ఈ కళ్ళద్దాలతోనే.

ఆ ఒకే తక్కెడ కింద రెండు కంపెనీలూ పదేళ్ళు నడిచాయి. ఈలోగా కారులో కరెంటు సామాను సోకుగా కాక, తప్పనిసరిగా మారింది. ఎంతో చవక కారయిన ఫోర్డ్ మోడల్ టి కూడా 1919లో సెల్ఫ్ స్టార్టరు పెట్టుకుంది. స్టార్టరు వేరు, డైనమో వేరు అనే పద్ధతే చివరకు లోకమంతా నిలిచింది. మాగ్నెటో మామూలు కార్లలోంచి పోయి, బ్యాటరీతో రవ్వ పుట్టించే కెటరింగ్ పద్ధతి నిలిచింది. ఒక విషయంలో ఒకరి బాట, ఇంకో విషయంలో మరొకరి బాట. కెటరింగ్ 1920లో జనరల్ మోటార్స్ పరిశోధన విభాగానికి అధిపతి అయి, 1947 వరకు అక్కడే ఉన్నాడు.

1926లో ఆ పోటీ ముగిసింది. ఒకే సామానుకు రెండు ఊళ్ళలో రెండు డ్రాయింగు ఆఫీసులు, రెండు రకాల అచ్చులు, రెండు రకాల మరలు ఎందుకన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. డెల్కో వారి కార్ల కరెంటు పని ఆండర్సన్ చేరి రెమీతో కలిసింది. కొత్త పేరు 'డెల్కో-రెమీ'. మన శాఖలు కలిసినప్పుడు ముందు వచ్చేది ఇంటర్-సే సీనియారిటీ తగవు గదా! వాళ్ళ విషయంలో పేరులో ముందు డెల్కో, ఊరు మాత్రం రెమీది. డేటన్ ఊరు కూడా ఉత్త చేతులతో మిగలలేదు. అక్కడ ఫ్రిజిడేర్ రిఫ్రిజిరేటర్లు, డెల్కో పేరుతోనే మోటార్లు, కార్ల షాకబ్జార్బర్లు చేసే ఫ్యాక్టరీలు నడిచాయి. విచిత్రమేమిటంటే అదే 1926లో ఇంగ్లండులో లూకాస్ కంపెనీ తన పోటీదారులైన సి.ఏ.వి., రోటాక్స్ కంపెనీలను కలుపుకుంది. మన దేశంలో 1961లో మద్రాసులో మొదలైన లూకాస్-టి.వి.ఎస్. ఆ లూకాస్ సంతతే. అంతకు ముందు, 1928 నుంచి 1954 దాకా జనరల్ మోటార్స్ వారు బొంబాయిలో షెవ్రొలే కార్లను, లారీలను బిగించి అమ్మారు. మనలో పెద్దవాళ్ళు చూసిన పాత షెవ్రొలే లారీలు ఆ కుటుంబం బళ్ళే.

పేరు ఎంత దూరం పోయిందంటే, ఫ్రాన్సులో ఈ నాటికీ ఇంజనులో రవ్వను పంచే డిస్ట్రిబ్యూటరును మెకానిక్కులు 'డెల్కో' అనే అంటారు. మనం వనస్పతిని డాల్డా అన్నట్టు. స్లోన్, కెటరింగ్ ఇద్దరి పేర్లూ కలిపి 1945లో న్యూయార్కులో క్యాన్సరు పరిశోధన సంస్థ ఏర్పడింది. మన తెలుగు డాక్టరు నోరి దత్తాత్రేయుడు గారు పనిచేసిన స్లోన్ కెటరింగ్ అదే.

పేర్ల సంగతి ఇలా ఉంటే, మనుషుల సంగతేమిటి? ఇక్కడికి వద్దామనే ఇంతసేపూ మాట్లాడాను.

ఆండర్సన్ ఊరు ఆ ఫ్యాక్టరీల మీదనే పెరిగింది. బాగా నడిచిన రోజుల్లో ఆ ఒక్క ఊళ్ళో జనరల్ మోటార్స్ ఉద్యోగులు ఇరవై వేలకు పైగా ఉండేవారు. తాత, తండ్రి, కొడుకు వరసగా అదే గేటులోంచి పనికి వెళ్ళారు. 1937లో కార్మికులు పెద్ద పోరాటం చేసి సంఘానికి గుర్తింపు తెచ్చుకున్నారు. 1950 ఒప్పందంలో కార్మికులకు పెన్షను వచ్చింది. సంఘంలో లేని గుమాస్తాలకు, ఇంజనీర్లకు, ఫోర్‌మన్లకు వేరే పెన్షను పథకం నడిచేది. అంటే మనలాంటివాళ్ళకన్నమాట.

తరువాత కాలం తిరిగింది. 1994లో స్టార్టర్లు, ఆల్టర్నేటర్లు చేసే భాగాన్ని జనరల్ మోటార్స్ అమ్మేసింది. అది రెమీ పేరుతో విడి కంపెనీ అయింది. మిగిలిన విడిభాగాల ఫ్యాక్టరీలన్నిటినీ కలిపి డెల్ఫై అని పేరు పెట్టి, 1999లో దాన్ని విడగొట్టింది. అప్పుడు కార్మిక సంఘాలు తెలివిగా ఒక మాట రాయించుకున్నాయి. డెల్ఫై పెన్షను ఇవ్వలేని పరిస్థితి వస్తే తక్కువ పడినది జనరల్ మోటార్స్ పూడ్చాలని. జీతగాళ్ళైన గుమాస్తాలకు, ఇంజనీర్లకు అటువంటి కాగితం లేదు. పెద్ద కంపెనీ, పెద్ద పేరు, ఏమవుతుందిలే అనుకున్నారు.

2005లో డెల్ఫై దివాలా పిటిషను వేసింది. 2009లో జనరల్ మోటార్స్ కూడా దివాలా తీసి, ప్రభుత్వం డబ్బుతో మళ్ళీ నిలబడింది. ఆ ఏడాదే డెల్ఫై పెన్షను నిధులు ప్రభుత్వ హామీ సంస్థ చేతికి పోయాయి. ఆ సంస్థ చట్టం ప్రకారం ఇచ్చే పెన్షనుకు ఒక పరిమితి ఉంది. పెద్ద సంఘాల కార్మికులకు ఆ పరిమితికి పైన తగ్గినదాన్ని కొత్త జనరల్ మోటార్స్ పూడ్చింది. సుమారు 20,000 మంది జీతగాళ్ళకు పూడ్చేవారు లేకపోయారు. వాళ్ళలో చాలామందికి పెన్షనులో పెద్ద కోత పడింది. దానితోపాటు వైద్య సదుపాయం కూడా పోయింది.

పక్కపక్క బెంచీల మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన ఇద్దరిని ఊహించుకోండి. ఒకే గేటు, ఒకే కాంటీను. ఒకడికి మొత్తం పెన్షను, ఇంకొకడికి కోత. మొదటివాడికి వచ్చినందుకు మనం ఏడవనక్కరలేదు. అది వాళ్ళ సంఘం కష్టపడి సంపాదించిన హక్కు. రెండోవాడికి రాకపోవడం గురించే మన బాధ. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ఏళ్ళ తరబడి తిరిగారు. 2022 జనవరిలో అక్కడి సుప్రీం కోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. అదే ఏడాది జూలైలో వాళ్ళ పెన్షను పూర్తిగా ఇప్పించే బిల్లును ప్రతినిధుల సభ ఆమోదించింది, కాని ఆ సభ గడువులోగా సెనేటు దాటలేదు. ఆ బిల్లుకు ఒక ఉద్యోగి భార్య పేరు పెట్టారు. పెన్షను తగ్గిన తరువాత ఆ తల్లికి ఒంట్లో బాగుండకపోతే, ఖర్చుకు వెరచి డాక్టరు దగ్గరకు వెళ్ళడం వాయిదా వేసింది. 2012లో క్యాన్సరుతో పోయింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో కూడా "వచ్చే నెల పెన్షను పడ్డాక చూపించుకుంటాలెండి" అనే మాట విన్నవాణ్ణి. మీరూ విని ఉంటారు.

మిత్రులారా, ఇప్పుడు మనం ఈ డిసెంబరు 17ను ఎందుకు జరుపుకుంటున్నామో గుర్తు చేసుకోండి. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షను లెక్కను మెరుగుపరిచి, 1979 మార్చి 31న గాని, ఆ తరువాత గాని రిటైరైనవారికే అది వర్తిస్తుందన్నది. ఒక్కరోజు ముందు రిటైరైనవాడికి పాత లెక్క, మరునాడు రిటైరైనవాడికి కొత్త లెక్క! నకారా గారు సుప్రీం కోర్టుకు వెళ్ళారు. చంద్రచూడ్ గారి అధ్యక్షతన ఉన్న రాజ్యాంగ ధర్మాసనం 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. పెన్షనర్లందరూ ఒకే తరగతి, తేదీ పేరు చెప్పి వాళ్ళను రెండు ముక్కలు చేయడం చెల్లదని. పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని కూడా ఆ తీర్పు సారం. తక్కెడ ఒకటే ఉండాలని మన కోర్టు చెప్పింది. డెల్ఫై జీతగాళ్ళకు అటువంటి మాట చెప్పినవాళ్ళు లేరు.

ఈ కథలో చివరి మలుపు చెప్పి ముగిస్తాను. రెమీ కంపెనీని 2015లో బోర్గ్‌వార్నర్ అనే సంస్థ కొన్నది. డెల్ఫై నుంచి విడిపోయిన డెల్ఫై టెక్నాలజీస్‌ను 2020లో అదే బోర్గ్‌వార్నర్ కొన్నది. 2023లో వాటిలో చాలా భాగాన్ని విడదీసి ఫినియా అనే కొత్త కంపెనీ పెట్టింది. ఆ కంపెనీ అమ్మే సరుకు మీద ఉన్న పేర్లలో డెల్ఫై ఒకటి, డెల్కో రెమీ మరొకటి. నూరేళ్ళ కిందట ఒకే గొడుగు కిందికి వచ్చిన తోడికోడళ్ళ పేర్లు, ఎన్ని చేతులు మారినా, మళ్ళీ ఒకే ఇంటి తలుపు మీదకు చేరాయి. పేరుకు విలువ ఉంది కాబట్టి దాన్ని ఎవరూ వదులుకోలేదు. ఆ పేరును అంత విలువైనదిగా చేసినవాళ్ళ పెన్షనును మాత్రం వదులుకున్నారు.

స్లోన్ ఆనాడు రెండు ఫ్యాక్టరీలను ఒకే తక్కెడలో తూచాడు. వాళ్ళ పోటీ వల్ల లోకానికి సెల్ఫ్ స్టార్టరు చవకగా, గట్టిగా దొరికింది. ఆ తక్కెడ సామాన్లకే పరిమితమై, మనుషుల దగ్గరకు వచ్చేసరికి రెండయింది. మనం నేర్చుకోవలసింది ఇదే. ఏ తేదీన రిటైరయ్యాడు, ఏ శాఖలో రిటైరయ్యాడు, ఏ సంఘంలో ఉన్నాడు అని మనలో మనమే గీతలు గీసుకోకూడదు. నాకు వచ్చింది నీకు రాలేదని సంతోషించేవాడు, రేపు తనకు రాని రోజున ఎవరి దగ్గరకు పోతాడు? మన వెనుక చేరిన పిల్లలకు పాత పెన్షను లేదు. వాళ్ళ సంగతి మనకెందుకని ఊరుకుంటే మనమూ రెండు తక్కెడలు పట్టుకున్నవాళ్ళమే అవుతాం.

ఆ రోజుల్లో బస్సు సెల్ఫ్ అందుకోకపోతే ఫస్టు సీటువాడు, వెనక సీటువాడు అందరం దిగి తోసేవాళ్ళం. టిక్కెట్టు ఎంతదని ఎవరూ అడగలేదు. అందరం ఒక్కటై తోస్తేనే బండి కదిలేది.